కింది వరుస నాకూ కనపడదు

మా బావ వేళాకోళం వినపడకపోతే మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. అక్కని చేసుకున్న రోజునుంచీ ఆయన నోటికి నేనే మేత. నాకింకా పెళ్లి కాకపోవడం ఆయనకి తరగని ఆస్తి. కంచం ముందు కూర్చోగానే మొదలుపెట్టేవాడు. "ఏరా బామ్మర్దీ, ఊళ్లో అందరి కళ్లూ పరీక్ష చేస్తావు, నీ కంటికి మాత్రం ఒక్క పిల్లా ఆనదేంరా" అనేవాడు. నేను తలొంచుకుని నవ్వేవాణ్ణి. నవ్వినంతసేపూ ఇంకేమీ అడగరని నాకు తెలుసు.

ఆ వానాకాలంలో ఆ వేళాకోళం ఆగిపోయింది. అది ఎలా ఆగిందో చెప్పాలంటే ముందు అక్క గొంతు గురించి చెప్పాలి.

అక్క బస్టాండులో మైకు దగ్గర పనిచేస్తుంది. ఏ బస్సు ఎక్కడ ఆగిందో, ఏది ఆలస్యమో, ఎవరి పిల్లాడు తప్పిపోయి ఆఫీసు గదిలో ఏడుస్తున్నాడో చెప్పేది అక్కే. ఊళ్లో ఆవిడ మొహం ఎరిగినవాళ్లు తక్కువ, గొంతు ఎరగనివాళ్లు లేరు. ఆ గొంతులో ఒక గద్దింపు ఉంటుంది. అది లేకపోతే జనం కదలరంటుంది అక్క. పైగా ఇంటికొచ్చాక దాన్ని విప్పి పక్కన పెట్టడం ఆవిడకి చేతకాదు. "అన్నం చల్లారిపోతోంది" అంటే చాలు, బావా నేనూ ఎక్కడివక్కడ వదిలేసి పరుగెత్తుకొచ్చేవాళ్లం.

నాది బస్టాండు ఎదురుగా కళ్లజోళ్ల దుకాణంలో పని. ముందుగది ఓనరుది, తెర వెనక చీకటిగది నాది. అక్కడ చూపు పరీక్ష చేస్తాను, అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాను. చూపు పరీక్షలో జనం అబద్ధమాడతారంటే మీరు నమ్మరు. అక్షరాల పలకలో కింది వరుస కనపడదు. కనపడదని చెప్పడానికి నామోషీ. ఊహించి ఏదో ఒకటి చదివేస్తారు. ఆ తర్వాత తప్పు అద్దాలు పెట్టుకుని మెట్ల మీద జారిపడి, నన్నొచ్చి తిడతారు. అందుకని నేనొక కిటుకు పట్టాను. కింది వరుస దగ్గరికి రాగానే, "అది నాకూ కనపడదు లెండి" అంటాను. వాళ్ల భుజాలు కిందికి దిగుతాయి. "నిజం చెప్పాలంటే బాబూ, దాని పైది కూడా నాకు అలుక్కుపోయినట్టుంది" అంటారు. అప్పుడు అసలు పరీక్ష మొదలవుతుంది.

డ్రైవరు వచ్చి ఆ పరీక్ష కుర్చీలో కూర్చున్నది వానలు ముదిరిన రోజుల్లోనే. అతను దూరప్రయాణాల బస్సు నడుపుతాడు. అతనికీ నాకూ ఉన్నదానికి మా వావివరసల్లో పేరు లేదు. వారానికోసారి అతని బస్సు వచ్చిందని అక్క మైకులో చెప్పేది, ఆ మాట మా దుకాణందాకా వినపడేది, నేను ఓనరుతో టీ తాగొస్తానని చెప్పి బయటపడేవాణ్ణి. తను ఎవరికి కబురు మోస్తోందో పాపం అక్కకి తెలియదు.

ఆరోజు అతను మామూలు బేరంలాగా వచ్చాడు. లైసెన్సుకి చూపు పరీక్ష కావాలని ఓనరుతో చెప్పాడు. తెర వెనక దీపం ఆర్పి, పలక మీద లైటు వేశాను.

"పైనుంచి చదువు."

చదివాడు. గొంతు మామూలుగానే ఉంది. మూడో వరుసకొచ్చి ఆగాడు.

"ఆ తర్వాత?" అన్నాను.

"నాకు ఉందట" అన్నాడు, పలకవైపే చూస్తూ. "హెచ్‌ఐవీ. డ్యూటీలో జ్వరమొచ్చి ఆసుపత్రిలో పడితే అన్ని పరీక్షలూ చేశారు. నువ్వూ చేయించుకో. నీకు మొహమ్మీద చెప్పాలని వచ్చా."

తెర అవతల ఓనరు ఎవరికో ఫ్రేము ధర తగ్గించనని చెప్తున్నాడు. నేను అతని భుజమ్మీద చెయ్యి వెయ్యాల్సింది. వెయ్యలేదు. "కింది వరుస చదువు" అన్నాను. అతను చదవలేకపోయాడు. కిటుకు మాట నా నోటికి రాలేదు. కుడికంటికీ ఎడమకంటికీ నంబర్లు చూసి, అద్దాలు ఎల్లుండి ఇస్తానన్నాను. అతను లేచి వెళ్లాక ఆ కుర్చీ చేతులు గుడ్డతో తుడిచాను. ముట్టుకుంటే అంటేది కాదని నాకు తెలుసు. తెలిసే తుడిచాను. ఇప్పటికీ ఆ గుడ్డ తలుచుకుంటే నాకు సిగ్గుతో చచ్చినంత పనవుతుంది.

మేం ఆఖరిసారి కలిసింది వానలు మొదలైన రోజున. కండోమ్ లేదు. ఉండాలని తెలియక కాదు. వాన కదా, దుకాణాలు మూసేశారు కదా అని మాకు మేమే సర్దిచెప్పుకున్నాం.

*

మా బాపతు మగవాళ్లకి పరీక్షలు చేసే కేంద్రమొకటి ఊళ్లో కొత్తగా పెట్టారు. పార్సిళ్ల ఆఫీసు మీద మేడ. నన్ను అక్కడికి తీసుకెళ్లింది సెంటు. వాడి అసలు పేరు నాకూ తెలియదు. వాడు మలుపు తిరగకముందే వాడి సెంటు వాసన తిరిగేది, అందుకా పేరు. ఆ కేంద్రంలోనే వాడి పని. మాలాంటివాళ్లని వెతికి పట్టుకోవడం, కండోమ్‌లు పంచడం, భయపడేవాళ్లని మెట్లెక్కించడం.

"రక్తం తీసేముందు కొన్ని ప్రశ్నలుంటాయి" అన్నాడు మెట్ల మీద గొడుగు దులుపుతూ. "డాక్టరమ్మ ఏదో పరిశోధన చేస్తోంది. మగాళ్లు మగాళ్లతో ఎలా ఉంటున్నారు, జాగ్రత్త పడుతున్నారా లేదా, పడకపోతే ఎందుకు పడట్లేదు అని. మనిషి అడిగితే మనవాళ్లు సిగ్గుపడి చెప్పరని మిషను పెట్టింది. చెవులకి తగిలించుకుని వినడమే. అవునంటే పచ్చ బటను, కాదంటే ఎర్ర బటను. లోపల పురుగు కూడా ఉండదు."

నిజంగానే ఉండదు. గోడకి ఆనించిన బల్ల, దాని మీద చిన్న తెర, ప్రశ్న నంబరు తప్ప ఇంకేమీ చూపించదు. తలుపు వేసి, ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను.

"నమస్కారం" అంది మా అక్క.

లేచి నిలబడ్డాను. వెనక్కి తిరిగి చూశాను కూడా.

"ఈ గదిలో మీరు తప్ప ఎవరూ లేరు. మీ జవాబులు ఎవరూ వినరు. ప్రతి ప్రశ్ననీ జాగ్రత్తగా వినండి."

బస్సు బయల్దేరుతోంది, తోసుకోకండి అనే గొంతే. ఆమధ్య నాలుగు ఆదివారాలు బస్టాండులో పనుందని వెళ్లింది. ఏమిటంటే, ఆరోగ్యశాఖవాళ్లకి ఏవో ప్రకటనలు చదువుతున్నానంది. ఇవన్నమాట ఆ ప్రకటనలు.

"మీకు మగవారి పట్ల ఆకర్షణ ఉందా?" అని గద్దించింది అక్క.

నా వేలు ఎర్ర బటను మీద పడింది. గత ఆరునెలల్లో మగవారితో శారీరకంగా కలిశారా? ఎర్ర. కలిసినప్పుడు ప్రతిసారీ కండోమ్ వాడారా అనే దాకా రానేలేదు. కలవలేదన్నవాణ్ణి అది ఎలాగూ అడగదు. ఆఖర్న "ప్రశ్నలన్నీ మీకు అర్థమయ్యాయా?" అంది. దానికీ ఎర్రదే నొక్కాను.

"మీ జవాబులకి కృతజ్ఞతలు. ఇప్పుడు పక్కగదిలోకి వెళ్లండి."

పక్కగదిలో రక్తం తీశారు. ఏమీ లేదని వచ్చింది. కౌన్సిలరు నెమ్మదైన మనిషి, తన ముందున్న తెర చూసి అన్నాడు. "మీ జవాబుల్ని బట్టి భయపడాల్సిందేం లేదండీ. ఈమధ్య ఎవరితోనైనా కండోమ్ లేకుండా కలిసుంటే మాత్రం ఇంత తొందరగా బయటపడదు, మూడు నెలలకి మళ్లీ చూడాలి. మీకలాంటిదేం లేదుగా. మళ్లీ రానక్కర్లేదు."

"లేదండీ" అన్నాను.

జీవితమంతా జనం చేత కింది వరుస నిజంగా చదివించినవాణ్ణి, కుర్చీలో కూర్చునేసరికి నేనూ ఊహించి చదివేశాను. తప్పు అద్దాలు పెట్టుకుని మెట్లు దిగాను.

*

అక్కణ్ణించి రోజులు గడవడం కష్టమైంది. మళ్లీ వెళ్లాలంటే మళ్లీ ఆ గదిలో కూర్చోవాలి. కౌన్సిలరుకే చెప్పేద్దామంటే, అబద్ధం ఎందుకాడావంటాడు. మిషను మా అక్క కాబట్టి అని చెప్పాలి. ఆ మాట చెప్పడం కంటే జబ్బు రావడమే నయమనిపించిన క్షణాలున్నాయి. బుద్ధి ఎంత గడ్డి తింటుందో చూడండి.

ఇంట్లో నా కంచం, నా గ్లాసు నేనే కడుక్కోవడం మొదలుపెట్టాను. ఎంగిలి వల్ల ఏమీ కాదని సెంటు నాకు వందసార్లు చెప్పాడు. అయినా కడిగేవాణ్ణి. బావకి పండగైపోయింది.

"చూడవే, మీ తమ్ముడు పెళ్లికి తయారవుతున్నాడు. గిన్నెలు తోమడం వచ్చేసింది, ఇంక కాళ్లు పట్టడం నేర్పిస్తే చాలు."

అక్క నవ్వలేదు. నా కంచం వైపు చూసింది, నా వైపు చూసింది. "ఏంట్రా ఈ కొత్త బుద్ధి?" అంది. నేను కుళాయి ఇంకొంచెం ఎక్కువ తిప్పాను.

ఒకరోజు సెంటు టీకొట్టు దగ్గర దొరికి, నవ్వుతూ గోడు వెళ్లబోసుకున్నాడు. "డాక్టరమ్మ తల పట్టుక్కూర్చుందిరా. వచ్చినవాళ్లంతా ఎర్ర బటనే. వాళ్ల లెక్కన ఈ ఊళ్లో మన బాపతువాళ్లంతా ఋషులైపోయారు. మెట్ల మీద నా చేతిలోంచి కండోమ్‌లు గుప్పెళ్లతో తీసుకున్నవాడు లోపలికెళ్లి బ్రహ్మచారినంటాడు. ఆ గొంతురా, గొంతు. ఆవిడ అడుగుతుంటే చేతిలో టికెట్టు లేనట్టు భయమేస్తుంది. వేరే ఎవరిచేతైనా చదివిస్తారట."

ఆవిడ మా అక్క అని వాడికి తెలియదు. మేం ఒకరి ఇళ్లు ఒకరికి చూపించుకోం. నేను టీ ఊదుకుంటూ, "ఆవిడ తప్పేముంది" అన్నాను. ఎంత చిన్నగా అన్నానంటే, వాడికి వినపడలేదు.

ఆ వారంలోనే బావ షాపు నుంచి పెందలాడే వచ్చేశాడు. ఆయనది కాలిపోయిన మోటార్లకి తీగ చుట్టే షాపు. చేతులు కడుక్కోలేదు, నూనె మరకలతోనే వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"నీటి మోటారు ఇచ్చినవాడొకడు నా మొహమ్మీద నవ్వుతున్నాడే. మీ ఆవిడ భలే ప్రశ్నలు అడుగుతోందటగా, మగాడివి మగాళ్లతో పడుకున్నావా అంటోందటగా అని. పక్కన ఇద్దరు బేరాలున్నారు. నేల చీలితే బావుణ్ణనిపించింది. నిజమేనా?"

అక్క పొయ్యి తగ్గించింది. "నిజమే."

"నీకు సిగ్గులేదూ?"

"ఉంది. ఉండబట్టే మీకు చెప్పలేదు. ఆ మాటలు నోట్లోంచి రాక, బస్సుల పేర్లు చదివినట్టు గబగబా చదివేశాను."

"మరెందుకు ఒప్పుకున్నావు?"

"ఆ డాక్టరమ్మ బస్టాండుకొచ్చి, అందరూ నమ్మే గొంతు కావాలండీ, జబ్బొచ్చినా చెప్పుకోలేక చచ్చిపోతున్నారండీ అంది. ఇన్నేళ్లు ఈ గొంతు అరిగేలా అందర్నీ బస్సెక్కించాను. వాళ్లెక్కరా బస్సు?"

"అదంతా నాకు తెలీదు. రేపే వెళ్లి తీసేయమను. నా పరువు బజార్న పడింది."

అక్క పొయ్యి ఆర్పింది. తర్వాత మెల్లిగా అడిగింది. "నాకొకటి చెప్పండి. ఆ మోటారాయన ఎక్కడ విన్నాడట?"

బావ నూనె చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. అది మేడ మీద తలుపేసిన గదిలో తప్ప ఎక్కడా వినపడదు. ఆ సంగతి ఆ వంటింట్లో ముగ్గురికీ ఒకేసారి అర్థమైంది. నేను గోడవైపు తిరిగి, లేని దాహానికి మంచినీళ్లు ముంచుకున్నాను. ఒక్క మాట, అక్క చేసింది మంచిపనే బావా అనే ఒక్క మాట అంటే చాలు. అంటే, నీకెలా తెలుసురా అంటారు. నీళ్లు తాగి నా గదిలోకి వెళ్లిపోయాను. పిరికివాడికి నీళ్లు కూడా మింగుడు పడవు.

*

వానలు తెరిపివ్వలేదు. ఉతికిన బట్టలు ఆరక, వాటిని తడి మీదే ఇస్త్రీ చేయాల్సొచ్చేది. ఒక ఆదివారం మధ్యాహ్నం బావ షాపులో ఉన్నాడు. అక్క హాల్లో నేల మీద దుప్పటి పరిచి ఇస్త్రీ చేస్తోంది. నేను మడతలు పెడుతున్నాను. గదంతా తడి బట్టల ఆవిరి.

"డాక్టరమ్మ ఇంకొక్క అవకాశం ఇచ్చింది" అంది అక్క ఉన్నట్టుండి. "నా గొంతుకి అందరూ అబద్ధం చెప్తున్నారట. నాకు తల కొట్టేసినట్టైంది. ఇన్నేళ్లలో నా మాట విని ఒక్కడూ తప్పు బస్సెక్కలేదు. ఎక్కడ తేడా వస్తోందో నువ్వు విని చెప్పు. మీ బావ వినడు."

"నేనా?"

"ఇంకెవరున్నారు. ఊరికే వినరా. నీకు సంబంధం లేని విషయమే కదా."

నా మొహం చూడకుండా మొదలుపెట్టింది. బట్టలు చూస్తూనే, అంతా కంఠతా. "నమస్కారం. ఈ గదిలో మీరు తప్ప ఎవరూ లేరు."

"అక్కడే తప్పు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "నువ్వున్నావు కదా. నీ గొంతు వినగానే ప్రతివాడికీ తెలిసిపోతుంది నువ్వని. ఎవరూ లేరంటే ఎలా నమ్ముతాడు? నీకు ఈ మాటలు అడగడం సిగ్గుగా ఉంది. అది కనపడకూడదని గద్దిస్తున్నావు. నువ్వు గద్దిస్తే వాడికి సిగ్గేస్తుంది. ముందు నీకూ సిగ్గుగా ఉందని చెప్పేయ్. కింది వరుస నాకూ కనపడదని నేను అంటానే, అలాగ."

అక్క ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. తర్వాత మళ్లీ మొదలుపెట్టింది, ఈసారి మైకు లేని గొంతుతో.

"నమస్కారం. నా గొంతు మీకు తెలిసే ఉంటుంది, బస్టాండులో రోజూ వింటారు. ఇవి అడగడానికి నాకూ సిగ్గుగానే ఉంది. మీకూ అలాగే ఉండుంటుంది. అయినా అడుగుతాను." ఆగి, "బాగుందా?" అంది.

"బాగుంది."

"మీకు మగవారి పట్ల ఆకర్షణ ఉందా?"

బయట నీళ్లు రేకుల మీద పడుతున్నాయి. నా చేతిలో బావ చొక్కా సగం మడతలో ఉంది.

"ఉంది" అన్నాను.

నేను గొంతు సంగతి చెప్పడం లేదని అక్కకి తెలిసింది. ఆ సంగతి నాకెలా తెలుసంటే, ఆవిడ చెయ్యి బట్ట మీద ఆగిపోయింది. తలెత్తి చూస్తుందేమోనని నాకు ప్రాణం పోయింది. చూడలేదు. తర్వాతి ప్రశ్న అడిగింది.

"గత ఆరునెలల్లో మగవారితో శారీరకంగా కలిశారా?"

"కలిశాను."

"కలిసినప్పుడు ప్రతిసారీ కండోమ్ వాడారా?" ఆ మాట దగ్గర ఆవిడ గొంతు సన్నగిల్లింది. చిన్నప్పుడు జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసి అడిగే గొంతు.

"ప్రతిసారీ వాడలేదు."

"వారిలో ఎవరికైనా హెచ్‌ఐవీ ఉందని మీకు తెలుసా?"

"తెలుసు."

అక్క మిగతా ప్రశ్నలు కూడా అడిగింది, ఒక్కటీ వదల్లేదు. నేనూ వదల్లేదు. చివర్న కృతజ్ఞతలు చెప్పలేకపోయింది.

"ఎప్పుడు తెలిసింది?" అంది.

"కొన్ని వారాలైంది. పరీక్ష చేయించుకున్నా. అప్పటికి ఏమీ కనపడలేదు. మళ్లీ చేయించుకోవాలి. నేను మిషనుకి అబద్ధం చెప్పాను కాబట్టి వాళ్లు మళ్లీ రమ్మనలేదు."

"నా గొంతు విన్నావా?"

"విన్నా."

"అన్నీ ఎర్రవే నొక్కావా?"

"అన్నీ. ప్రశ్నలు అర్థమయ్యాయా అంటే కూడా."

అక్కకి నవ్వొచ్చింది. ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ నవ్వు ఏడుపులోకి ఎప్పుడు తిరిగిందో నేను కనిపెట్టలేకపోయాను. నాకు మాత్రం ఏడుపు రాలేదు. నేలకేసి చూస్తూ, దుప్పటి మీది పూలకి ఎన్ని రేకులో లెక్కపెడుతూ కూర్చున్నాను.

"అందుకా కంచం కడుక్కుంటున్నావు" అంది కళ్లు తుడుచుకుని.

"ఊఁ."

"పిచ్చి సన్నాసి. రేపట్నుంచి ఎక్కడ తిన్న కంచం అక్కడే వదిలేయ్."

*

మూడు నెలలు నిండాక రెండోసారి మేడెక్కినప్పుడు అక్క కూడా వచ్చింది. వద్దన్నాను. నాకు అక్కడికి వెళ్లడం ఒక సిగ్గు, అక్కని వెంటపెట్టుకుని వెళ్లడం ఇంకో సిగ్గు. వినలేదు. వరండాలో బెంచీ మీద నలుగురు కూర్చుని ఉన్నారు. "కాస్త జరుగుతారా?" అంది అక్క.

నలుగురూ ఒక్కసారే తలలు దించేసుకున్నారు. ఒకడు గొడుగు తెరిచి ఆరబెడుతున్నట్టు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అక్కకి అప్పటిదాకా తన గొంతు ఏం చేస్తుందో తెలుసుగానీ, చూడలేదు. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. నేను పక్కకి చూశాను.

ఆ చివర కూర్చున్న పెద్దాయనే ముందు తేరుకున్నాడు. "కూర్చోండమ్మా" అన్నాడు జరుగుతూ. "లోపల ఇప్పుడే విన్నాను. మీకూ సిగ్గుగానే ఉందన్నారుగా. నాకు ప్రాణం లేచొచ్చింది."

"మరి ఏం నొక్కారండీ?" అనేసింది అక్క, అని నాలిక్కరుచుకుంది.

"పచ్చదేనమ్మా" అన్నాడాయన, తన చెప్పులకేసి చూస్తూ.

కౌన్సిలరు ఈసారి తెరకేసి కాక నాకేసి చూసి మాట్లాడాడు. ఉంది అన్నాడు. రోజుకో మాత్ర, మానకుండా వేసుకుంటే మామూలు మనిషిలా బతుకుతారు, రక్తంలో కనపడనంత తగ్గి అలాగే నిలిస్తే ఇంకొకరికి అంటదు కూడా అన్నాడు. మొదటిసారే నిజం తెలిసుంటే ఇన్నాళ్లు మీరొక్కరే మోసేవారు కాదన్నాడు. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఆ సాయంత్రమే అక్క బావకి చెప్పింది. తలుపు మూసుకుని చెప్పింది. నేను నా గదిలో కూర్చుని ఆయన గట్టిగా అరిచే అరుపు కోసం ఎదురుచూశాను. అరుపు రాలేదు.

మర్నాటినుంచి బావ నాతో మర్యాదగా మాట్లాడటం మొదలుపెట్టాడు. "భోజనం చేశావా?" "వాన పడుతోంది, గొడుగు తీసుకెళ్లు." అంతే. బామ్మర్దీ అన్న పిలుపు లేదు, పెళ్లి ఊసు లేదు, కళ్ల జోకులు లేవు. చుట్టపుచూపుకొచ్చినవాడితో మాట్లాడినట్టు ఆచితూచి మాట్లాడేవాడు. తిట్టి గెంటేసినా తట్టుకునేవాణ్ణి. ఆయన మర్యాద నాకు ముద్ద దిగనివ్వలేదు. వేరే గది చూసుకుందామని రెండుమూడిళ్లు చూసొచ్చాను కూడా. భోజనాలయ్యాక మాత్ర వేసుకునేటప్పుడు వాళ్లకి కనపడకుండా పెరట్లోకి వెళ్లేవాణ్ణి.

వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక రాత్రి, భోజనాల దగ్గర బావ తనంతట తనే నోరు విప్పాడు.

"ఆ మోటారువాడు మళ్లీ వచ్చాడే ఇవాళ" అన్నాడు అక్కతో. "మళ్లీ అదే కూత. నేనూ నీలాగే అడిగా. నువ్వెక్కడ విన్నావురా అని. నలుగురిలో అడిగా. మొహం పాలిపోయి, మోటారు కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు." గెలిచినవాడిలా మంచినీళ్లు తాగాడు.

నాకు వరండాలో ఆ గొడుగు అడ్డం పెట్టుకున్నవాడు గుర్తొచ్చాడు. వాడే అయ్యుండొచ్చు, కాకపోవచ్చు.

"అలా అడగకు బావా" అన్నాను. నేను అన్నానని నాకే నమ్మకం కలగలేదు. "వాడు నవ్వింది నిన్ను చూసి కాదు. తనని ఎవరూ కనిపెట్టకూడదని ముందు తనే నవ్వాడు. నేనూ ఇన్నేళ్లూ నీ ముందు చేసింది అదే."

బావ గ్లాసు కింద పెట్టాడు. ఆయన కళ్లలోకి నేను చూడలేకపోయాను. అక్క చారు గరిటెతో తిప్పుతూ ఉంది, ఎవరికీ వడ్డించలేదు. బావ చేతిలో ఉన్న ముద్ద తిన్నాడు, ఇంకో ముద్ద కలిపాడు, అదీ తిన్నాడు.

"ఎక్కడుంటాడో తెలుసు" అన్నాడు చివరికి. "మోటారు రేపు నేనే పట్టుకెళ్లి ఇచ్చొస్తాలే."

చెయ్యి కడుక్కుని, అలవాటుగా పెరటి తలుపు వైపు లేచాను. వెనక నుంచి బావ గొంతు సవరించుకోవడం వినపడింది. ముక్కుతో, అచ్చం అక్కని వెక్కిరిస్తూ, బస్టాండు మైకులాగా మొదలుపెట్టాడు.

"ప్రయాణికులకు మనవి. మాత్ర వేసుకోవలసిన బామ్మర్దిగారు పెరట్లోకి పారిపోకుండా, దయచేసి హాల్లోకొచ్చి, అందరి ముందూ వేసుకోవలెను. ఆలస్యమైతే బస్సు ఆగదు."

"నా గొంతు అలా ఉంటుందా?" అంది అక్క.

గుమ్మంలోనే నిలబడిపోయాను. సిగ్గుతో తల పైకి రావడం లేదు, అలాగే వెనక్కి వచ్చాను. బావ తన గ్లాసులో మిగిలిన నీళ్లు నా ముందుకి జరిపాడు. ఎంగిలివి. ఆ నీళ్లతోనే మాత్ర మింగాను.